మానులో మిగిలిన వానలు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక చిన్న జవాబు రాశాను. టేకు చెక్కలో ఉన్న ఆక్సిజన్‌ని కొలిచి, వానలెక్కలు రాసే అలవాటు లేని కాలంలో వానలు ఎలా ఉండేవో కొంతవరకు చెప్పవచ్చని. దాని మీద వచ్చినన్ని ప్రశ్నలు ఈ మధ్య దేని మీదా రాలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను చేసింది ఈ పనే. చెక్కను పొరలుపొరలుగా కోసి, సెల్యులోజ్ అనే పీచుపదార్థం తీసి, యంత్రానికి అందించేదాన్ని. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం దీనికే. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒక్కటిగా కలిపేశాను.

*

మా తాత టేకు మాను కోసినప్పుడు వలయాలు లెక్కపెట్టి చెట్టు వయసు చెప్పేవాడు. వలయం వెడల్పుగా ఉంటే ఆ ఏడు మంచి వానలు పడ్డాయనేవాడు. అది చాలదా? మధ్యలో ఈ రసాయనం ఎందుకు?
— ఒక వడ్రంగి, నిర్మల్

మీ తాతగారి మాటలో తప్పు లేదు. ఈ శాస్త్రం మొదలైందే వెడల్పుతో. ఏ.ఇ. డగ్లస్ అనే ఖగోళ శాస్త్రవేత్త, సూర్యుడి మీది మచ్చలకూ ఇక్కడి వాతావరణానికీ ఏమైనా సంబంధం ఉందా అని చూడటానికి అమెరికాలోని ఆరిజోనాలో చెట్ల వలయాలు కొలవడం మొదలుపెట్టారు. 1937లో అక్కడి విశ్వవిద్యాలయంలో వలయాల కోసమే ఒక ప్రయోగశాల ఏర్పడింది. అయితే అది ఎండు నేల. అక్కడి చెట్టుకు ఎండకు కొదవలేదు, చోటుకు కొదవలేదు, కరువల్లా నీళ్లకే. కాబట్టి వలయం సన్నబడిందంటే నీళ్లు చాలలేదని ధైర్యంగా అనవచ్చు.

మన టేకు అడవిలో ఆ ధైర్యం చెయ్యలేం. పక్కనున్న పెద్ద చెట్టును కొట్టేస్తే వెలుతురు తగిలి, వాన తక్కువైన ఏడు కూడా వలయం లావెక్కుతుంది. వానలు మొదలై లేత ఆకు విచ్చుకోగానే ఆకుతినే పురుగు పడితే, చెట్టు మొత్తం బోడిగా మిగులుతుంది. అది మళ్లీ చిగురు వేసుకోవడానికే ఆ ఏటి బలమంతా పోతుంది. వాన బ్రహ్మాండంగా పడినా వలయం సన్నమే. పైగా కుర్రచెట్టు వలయాలు ఎటూ వెడల్పుగానే ఉంటాయి. సన్నని వలయం చూపించి, ఇది పురుగా, కరువా, నీడా అని మిమ్మల్ని అడిగితే మీరైనా నేనైనా ఏం చెప్పగలం?

అందుకే రసాయనం. చెట్టు ఎంత పెరిగిందన్నది కాకుండా, ఆ ఏడు అది తాగిన నీళ్లు ఎలాంటివి, దాని ఆకులకు తగిలిన గాలి ఎంత తేమగా ఉంది అని అడుగుతాం. ఇది కాస్త నిదానంగా చెప్పాలి. ఈ విద్యకు ప్రాణం ఇక్కడే ఉంది.

నీటిలో ఉండే ఆక్సిజన్ పరమాణువులన్నీ ఒకే బరువు కావు. చాలావరకు 16 బరువున్నవి. వెయ్యింటికి సుమారు రెండు మాత్రం 18 బరువున్నవి. వీటినే ఆక్సిజన్-18 అంటాం. బరువు ఆక్సిజన్ ఉన్న నీరు ఆవిరి కావడానికి కాస్త వెనకాడుతుంది, వానగా దిగడానికి మాత్రం ముందుంటుంది. మేఘం కురిసేకొద్దీ బరువైనది ముందే రాలిపోయి, మిగిలిన ఆవిరి తేలికవుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి రోజుల తరబడి ముసురు కురిస్తే ఆ నీటిలో ఆక్సిజన్-18 తక్కువగా ఉండటానికి కారణం అదే. చిన్న జల్లుకు ఇంకో కథ ఉంది. చినుకు పొడిగాలిలోంచి దిగుతూ దారిలోనే కొంత ఆవిరైపోతుంది. తేలికైనది పోతుంది, బరువైనది నేలకు చేరుతుంది.

దీన్ని పట్టుకున్నది డెన్మార్క్ శాస్త్రవేత్త విల్లీ డాన్స్‌గార్డ్. 1952 జూన్‌లో కోపెన్‌హాగన్‌లో జోరువాన పట్టినప్పుడు ఆయన తన ఇంటి తోటలో ఒక బీరు సీసాకు గరాటు పెట్టి వాననీళ్లు పట్టారు. వాన సాగేకొద్దీ సీసాలు మారుస్తూ, ఏ సీసాలో ఆక్సిజన్ ఎలా ఉందో కొలిచారు. తరవాత వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి 1961 నుంచి దేశదేశాల్లో నెలనెలా వాననీటిని సేకరించసాగాయి. ఆ లెక్కలు ముందు పెట్టుకొని ఆయన 1964లో ఒక మాట తేల్చారు. ఉష్ణమండలంలో వాన ఎక్కువ పడిన నెలల నీటిలో ఆక్సిజన్-18 తక్కువ. నా దృష్టిలో మన దేశపు పాత వానల పరిశోధనంతా ఆ వాక్యం మీదే నిలబడి ఉంది.

ఇక చెట్టు సంగతి. వేరు ఆ నీటిని ఏ మార్పూ లేకుండా పైకి పంపుతుంది. మార్పు ఆకులో వస్తుంది. పులుసు మరిగేకొద్దీ చిక్కబడినట్టు, ఆకులోంచి తేలిక నీరు ఆవిరై పోయేకొద్దీ మిగిలినదాంట్లో బరువు ఆక్సిజన్ వాటా పెరుగుతుంది. గాలి పొడిగా ఉంటే ఎక్కువ, ముసురులో తక్కువ. ఆ ఆకునీటితో చెట్టు చక్కెర చేసుకుంటుంది, చక్కెర మానులోకి దిగి సెల్యులోజ్ అవుతుంది. అంటే మంచి వానల ఏడు వేరుకు అందే నీరూ తేలికే, ఆకు దగ్గర గాలీ తేమే. రెండు కారణాలూ అంకెను ఒకే వైపు లాగుతాయి. కరువు ఏడు రెండూ రెండో వైపు లాగుతాయి. అందుకే రుతుపవనాల దేశంలో ఈ జాడ ఇంత గట్టిగా పడుతుంది.

కార్బన్‌దీ ఇలాంటి కథే. నీటికొరత వస్తే ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. లోపల చిక్కిన గాలితోనే సరిపెట్టుకోవాలి కాబట్టి, మామూలప్పుడు పక్కనపెట్టే కార్బన్-13ను కూడా వాడేస్తుంది. చెక్కలో దాని వాటా పెరుగుతుంది. అయితే బొగ్గు, పెట్రోలు కాల్చడంవల్ల గాలిలో కార్బన్-13 వాటా తగ్గుతూ వస్తోంది. ఆ తగ్గుదలను ముందు లెక్కలోంచి తీసెయ్యాలి. అందుకే నా మొగ్గు ఎప్పుడూ ఆక్సిజన్ వైపే.

ఇంకో లాభం ఉంది. వెడల్పులో ఒక చెట్టుతో ఒకటి పొసగని చోట కూడా ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న ఈ పరమాణువుల లెక్కలు, పొసగుతాయి. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ ల్యాబొరేటరీకి చెందిన ఆర్. రమేశ్, ఎస్.కె. భట్టాచార్య, కె. గోపాలన్ కాశ్మీరు లోయ చెట్లలో ఈ పొందికను చూపించి 1985లో ‘నేచర్’ పత్రికలో రాశారు. మన దేశంలో ఈ పని చేసేవాళ్లందరం ఆ పరిశోధన నీడలో పెరిగినవాళ్లమే.

*

ఫలానా ఏడు ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో చెట్టు చెబుతుందా? మా పొలం గట్టున వందేళ్ల వేపచెట్టు ఉంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది. వాటిని అడగకూడదా?
— ఒక వేరుశెనగ రైతు, శ్రీసత్యసాయి జిల్లా

మిల్లీమీటర్లు చెట్టు నేరుగా చెప్పదు. దాని దగ్గరున్నది ఒక నిష్పత్తి మాత్రమే. దాన్ని వానగా మార్చడానికి మనకు వర్షమాపకం లెక్కలు కావాలి. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. చెట్టులోనూ, రికార్డులోనూ రెండుచోట్లా ఉన్న ఏళ్లను తీసుకొని, కొన్ని ఏళ్లతో సూత్రం కడతాం, మిగిలిన ఏళ్లకు అది నిలుస్తుందో లేదో చూస్తాం. నిలిస్తేనే దాంతో ఇంకా వెనక్కి వెళతాం. నిలవకపోతే ఆ చెట్టును పక్కన పెట్టాలి. అంతే తప్ప సూత్రాన్ని సాగదీయకూడదు.

అప్పుడు వచ్చే అంకె కూడా మీ పొలం మీద పడిన వాన కాదు. మేఘం మీ దగ్గరికి చేరేలోపు దారిలో ఎంత కురిసిందన్నది కూడా ఆ నీటిలో కలిసే ఉంటుంది. కాబట్టి చెట్టు చెప్పేది ఒక పెద్ద ప్రాంతపు రుతుపవనం గురించి. పక్క ఊళ్లో పడి మన ఊళ్లో పడని వాన సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఆ తేడాను ఈ పద్ధతి పట్టలేదు.

వేప, మర్రి ఎందుకు కాదంటే, ముందు ఏ పొర ఏ ఏడాదిదో తెలియాలి. వేపలో వలయాలు కనబడినా, ఏడాదికి ఒక్కటేనని నమ్మకంగా చెప్పలేనంత మసకగా ఉంటాయి. మర్రిమానుది మరీ చిక్కు. ఊడలు దిగి మానులవుతాయి. ఒక్కో మానుకు ఒక్కో వయసు. టేకు ఎండాకాలం ముందే ఆకు రాల్చి నిద్రపోతుంది. వానలతో లేచి, మొదట పెద్ద పెద్ద రంధ్రాలున్న చెక్కను వేస్తుంది. ఆ రంధ్రాల వరసే ఏడాది సరిహద్దు. చేతిలో భూతద్దం ఉంటే చాలు, మీరూ చూడవచ్చు.

వలయాలు లేని చెట్లు పూర్తిగా పనికిరావని మాత్రం అనను. ఎండాకాలం బరువు, వానాకాలం తేలిక అనే ఆక్సిజన్ ఎగుడుదిగుడులనే ఏడాది గుర్తుగా వాడే పద్ధతి ఉంది. కోస్టారికా చెట్ల మీద ఎవాన్స్, ష్రాగ్ అనే శాస్త్రవేత్తలు 2004లో అది చేసి చూపించారు. అనుమానం తీర్చుకోవడానికి ఇంకో సాక్ష్యం కూడా దొరుకుతుంది. అణుబాంబుల పరీక్షలవల్ల 1960ల మొదట్లో గాలిలో రేడియోకార్బన్ దాదాపు రెట్టింపైంది. ఆ ఎత్తు ఏ పొరలో ఉందో చూస్తే లెక్క సరిపోయిందో లేదో తెలిసిపోతుంది.

మీ జిల్లాకు సంబంధించిన మాట ఒకటి. మీకు నైరుతితో పాటు ఈశాన్య రుతుపవనం కూడా ముఖ్యం. దక్షిణాదిలో ఈశాన్యపు వాన నైరుతి వాన కంటే ఆక్సిజన్‌లో తేలిక. కాబట్టి ఒకే వలయాన్ని మొదటి నుంచి చివరి దాకా సన్నని ముక్కలుగా కోసి విడివిడిగా కొలిస్తే, రెండు రుతుపవనాల జాడ విడదీసే వీలుంది. శ్రేయస్ మనగవే, రమేశ్, వారి సహచరులు కేరళ టేకు మీద ఇలాంటి పనే చేశారు. నైరుతి మధ్యలో వానలు నిలిచిపోయే విరామాలను కూడా వలయం లోపల గుర్తించవచ్చని రాశారు. విత్తనం వేశాక ఇరవై రోజులు ఆకాశం వైపు చూసే రైతుకు ఏడాది మొత్తం వాన కంటే ఆ విరామమే పెద్ద విషయం. చెట్టు దాన్ని కూడా దాచుకుంటుందని చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

*

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను మేడమ్. చెక్క నుంచి అంకె దాకా ల్యాబ్‌లో అసలు ఏం చేస్తారు?
— ఒక విద్యార్థిని, వరంగల్

తల్లీ, నీ ప్రశ్న చూడగానే చేతికి మళ్లీ ఆ వాసన తగిలినట్టైంది. సంగతులు చెబుతాను విను.

నిలబడి ఉన్న చెట్టును కొట్టక్కర్లేదు. సన్నని గొట్టంలాంటి బరమాతో మానులోకి తొలిస్తే పెన్సిల్ కంటే సన్నని పుల్ల బయటికి వస్తుంది. దాని ఉపరితలం నున్నగా చేసి, సూక్ష్మదర్శిని కింద వలయాలు లెక్కపెట్టి, చాలా చెట్ల పుల్లలను పక్కపక్కన పెట్టి తేదీలు సరిచూసుకోవాలి. ఒక్క వలయం తప్పిపోయినా వెనకున్న ఏళ్లన్నీ తప్పుతాయి. ఈ పని అయ్యేదాకా రసాయనం సీసా మూత తియ్యకూడదు. ఆ తరవాత బ్లేడుతో ఒక్కో వలయాన్నీ వేరుచెయ్యాలి.

చెక్కను అలాగే కొలవం. అందులోని నూనెలు, జిగురు ఒక వలయం నుంచి ఇంకో వలయానికి పాకుతాయి. టేకులో నూనె మరీ ఎక్కువ. సెల్యులోజ్ అలా కదలదు. ఒకసారి దాంట్లో చేరిన ఆక్సిజన్ తరవాత మారదు. కాబట్టి మిగతావన్నీ తీసెయ్యాలి. సోడియం క్లోరైట్ ద్రావణంలో కాస్త అసిటిక్ ఆమ్లం కలిపి, సుమారు 70 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచితే చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ పోతుంది. పసుపుపచ్చని క్లోరిన్ డయాక్సైడ్ పొగ వస్తుంది. పొగను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేకుండా ఈ పని ఎప్పుడూ చెయ్యకు. గోధుమరంగు ముక్క మెల్లగా లేతబడి, చివరికి తెల్లని పీచు మిగులుతుంది. దాన్ని 17 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో నానబెడితే హెమీసెల్యులోజ్ కూడా వదులుతుంది. క్షారం పోయేదాకా నీళ్లతో కడిగి, ఆరబెట్టాలి.

ఆ పీచులో ఒక మిల్లీగ్రాములో పదో వంతో, ఐదో వంతో తూచి, చిన్న వెండి రేకులో చుడతాం. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. యంత్రంలో 1400 డిగ్రీల దాకా వేడెక్కిన కార్బన్ గొట్టంలో అది పడగానే కార్బన్ మోనాక్సైడ్ వాయువుగా మారుతుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ ఆ వాయువులో బరువు అణువులు ఎన్ని, తేలికవి ఎన్ని అని తేలుస్తుంది. సముద్రపు నీటిని ప్రమాణంగా పెట్టుకొని, దాని కంటే వెయ్యికి ఇన్ని పాళ్లు ఎక్కువ అని ఫలితం రాస్తాం.

చేతిపని చాలా ఉంటుంది. ఐరోపాలో ఉల్ఫ్ బుంట్‌గెన్ బృందం 147 ఓక్ చెట్ల నుంచి 27,000కు పైగా కొలతలు తీసి, మధ్య ఐరోపా వేసవి కరువులను 2,110 ఏళ్ల వెనక్కి కట్టింది. 2021లో వచ్చిన ఆ పరిశోధనలోని ఒకే ఒక గీత వెనక ఎంతమంది బ్లేడు పట్టుకొని కూర్చున్నారో నేను ఊహించగలను. నీకు ఓపిక ఉంటే ఈ రంగంలోకి రా. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వలయాల మీద ఏళ్లుగా పనిచేస్తున్నాయి. కెమిస్ట్రీ చదివినవాళ్ల అవసరం అక్కడ ఉంది.

*

ధాత కరువు గురించి మా జేజి పాటలు పాడేది. ఆ కరువు చెట్లలో కనిపిస్తుందా? నందన కరువు?
— విశ్రాంత సోషల్ టీచర్, కర్నూలు

ధాత కరువు, అంటే 1876–78 నాటిది, కనిపిస్తుంది. చాలా స్పష్టంగా. వలయాల శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కుక్, ఆయన సహచరులు ఆసియా అంతటా మూడు వందలకు పైగా చోట్ల తీసిన వలయాలను కలిపి 1300 నుంచి ఏటేటా ఎక్కడ తడి, ఎక్కడ ఎండు అని చూపే పటాలు తయారుచేసి 2010లో ప్రచురించారు. వాటిలో 1876–78 ఒక మహాకరువుగా నిలిచింది. భారతదేశం ఒక్కటే కాదు, ఆసియాలో చాలా భాగం ఒకేసారి ఎండింది. దానికి ముందు 1756–68 నాటిదీ, 1790–96 నాటిదీ కూడా అందులో ఉన్నాయి. ఈ పటాలకు ఆధారం ఎక్కువగా వెడల్పే, రసాయనం కాదు.

1790ల కరువు దగ్గర మనకు ఒక అరుదైన సాక్షి ఉన్నాడు. ‘మన మొక్కలకు పేర్లు పెట్టిన దొర’గా మీరు పాఠాల్లో చెప్పే ఉంటారు, విలియం రాక్స్‌బర్గ్. ఆయన 1793లో కలకత్తా వెళ్లేదాకా మన సామర్లకోటలో ఉండేవాడు. అక్కడ వాతావరణం లెక్కలు రాసిపెట్టాడు. ఉత్తర సర్కారుల్లో వరసగా వానలు తప్పడం ఆయన కళ్లతో చూశాడు. చెట్టు చెప్పేదీ, మనిషి రాసిందీ ఒకే మాట మీదికి వచ్చే ఇలాంటి చోట్లే మా పనికి బలం.

నందన కరువు, అంటే 1832–33 నాటి గుంటూరు కరువు సంగతికి వస్తే, ఆ పటాల గడులు చాలా పెద్దవి. ఒక్కో గడి రెండున్నర డిగ్రీలు, అంటే సుమారు 270 కిలోమీటర్లు. పాత గుంటూరు జిల్లా మొత్తం ఒక్క గడిలో ఇమిడిపోతుంది. ఒక జిల్లాను తుడిచిపెట్టిన కరువును చూడాలంటే ఆ చుట్టుపక్కల పెరిగిన చెక్కే కావాలి, దాంట్లోని ఆక్సిజన్‌నే కొలవాలి.

మీరు సోషల్ టీచరు కాబట్టి ఇది కూడా అంటాను. వాన తప్పిందని మాత్రమే చెట్టు చెబుతుంది. ధాత కరువులో జనం అంతగా చచ్చిపోవడానికి వాన ఒక్కటే కారణం కాదు. అప్పుడు కూడా దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. ఆ సంగతి కాగితాల్లోనే వెతకాలి, మానులో కాదు.

*

ఎప్పుడో పడిన వాన గురించి తెలుసుకొని ఇప్పుడు మాకేం ఒరుగుతుంది? మాకు కావలసింది వచ్చే ఏడు కాలవకు నీళ్లు వస్తాయా లేదా అన్నది.
— కృష్ణా డెల్టా రైతు, దివిసీమ

వచ్చే ఏటి వాన గురించి చెట్టు చెప్పదు. కానీ మీ కాలవకు ఎన్ని నీళ్లు రావాలని ఎవరు, ఏ లెక్కతో రాశారో ఒక్కసారి చూడండి.

ముందు అమెరికా సంగతి. కొలరాడో నది నీటిని 1922లో ఏడు రాష్ట్రాలు పంచుకున్నాయి. అప్పటికి చేతిలో ఉన్న కొద్ది ఏళ్ల కొలతలను బట్టి ఏడాదికి సుమారు 714 టీఎంసీలు వస్తుందనుకున్నారు. ఎగువ రాష్ట్రాలకు 327, దిగువ రాష్ట్రాలకు 327 అని రాసుకున్నారు. 1944లో మెక్సికోకు ఇంకో 65 ఇస్తామని ఒప్పుకున్నారు. 1976లో స్టాక్టన్, జాకొబీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ పరీవాహక ప్రాంతపు చెట్ల వలయాలతో నది ప్రవాహాన్ని శతాబ్దాల వెనక్కి లెక్కకట్టారు. దీర్ఘకాలపు సగటు సుమారు 588 టీఎంసీలే అని తేలింది. వాటాలు రాసుకున్న రోజులు, శతాబ్దాల్లోనే అరుదుగా వచ్చే తడి రోజులు. తరవాతి పరిశోధనలు ఆ అంకెను కాస్త పైకి జరిపాయి గానీ, పంచిన దానికీ ఉన్నదానికీ మధ్య లోటు మాత్రం పూడలేదు. 2022 వేసవిలో హూవర్ డ్యామ్ వెనక మీడ్ జలాశయం, 1930ల్లో నిండడం మొదలైనప్పటి నుంచి ఎన్నడూ లేనంత కిందికి దిగింది.

ఇప్పుడు మన కృష్ణ. బచావత్ ట్రైబ్యునల్ 1894–95 నుంచి 1971–72 దాకా 78 ఏళ్ల ప్రవాహాలు చూసి, నూటికి 75 ఏళ్లు నమ్మదగిన నీరు 2,060 టీఎంసీలు అని తేల్చి మూడు రాష్ట్రాలకు పంచింది. తరవాత బ్రిజేశ్‌కుమార్ ట్రైబ్యునల్ 2010లో 1961–62 నుంచి 2007–08 దాకా 47 ఏళ్లు తీసుకొని, 65 శాతం నమ్మకం మీద 2,293 టీఎంసీలు అంది. నమ్మకం శాతం మారింది, ఏళ్ల వరసా మారింది. ఆ 47 ఏళ్లు మామూలు ఏళ్లా, మంచి ఏళ్లా, చెడ్డ ఏళ్లా? 78 ఏళ్ల సంగతేమిటి? నాలుగైదు వందల ఏళ్ల వరస పక్కన పెట్టి చూస్తే తప్ప ఈ ప్రశ్నకు జవాబు రాదు.

మీ కాలవలో పారేది ఎక్కువగా సహ్యాద్రి మీద పడిన వాన. ఆ కొండల్లో టేకు ఉంది. హెచ్.పి. బోర్గాంకర్, సహచరులు కేరళ టేకు వలయాలతో 1481 నుంచి 2003 దాకా 523 ఏళ్ల వరస కట్టి 2010లో ప్రచురించారు. ఎల్‌నినో ఏళ్ల కరువులు అందులో కనబడ్డాయి. అది వెడల్పు లెక్క. అలాంటి పాత టేకులో ఏటేటి ఆక్సిజన్‌ని కొలిచి, కృష్ణ పుట్టే కొండల మీది వానగా మార్చడం చెయ్యగలిగిన పనే. ఉత్తర పాకిస్తాన్‌లోని కారకోరం కొండల్లో కెర్‌స్టిన్ ట్రైడ్టె బృందం జూనిపర్ చెట్లతో వెయ్యేళ్ల వరస కట్టి, అక్కడ 20వ శతాబ్దమే అన్నిటికంటే తడి శతాబ్దమని 2006లో చూపించింది. జపాన్‌లో తకేషి నకత్సుకా బృందం హినోకి చెట్ల చెక్కలోని ఆక్సిజన్, హైడ్రోజన్ రెండూ కొలిచి 2,600 ఏళ్ల వేసవులను కట్టింది. రెండు తెలుగు రాష్ట్రాలూ కోర్టుల చుట్టూ తిరగడానికి పెట్టే ఖర్చులో ఇది ఏపాటి? చెట్టు చెప్పిందని వాటాలు మార్చమని నేను అనడం లేదు. ఎంత నీటికి ఎంతమందిమి కూర్చున్నామో తెలిసి కూర్చోవాలంటున్నాను.

*

ఏలూరు దగ్గర మా తాతల నాటి మండువా ఇల్లు పడగొడుతున్నాం. దూలాలు, స్తంభాలు బర్మా టేకు అంటారు. పాత కలప కొనేవాళ్లు బేరానికి వచ్చారు. మీరు రాసింది చదివాక అనుమానం వచ్చింది. ఆ చెక్కతో మీకేమైనా పని ఉందా?
— ఒక పాఠకురాలు, ప్రస్తుతం హైదరాబాద్

అమ్మా, ఎంత మంచి ప్రశ్న వేశారు! పని ఉంది. వందేళ్ల కిందట కొట్టిన టేకు అప్పటికే నూటయాభై ఏళ్లు పెరిగి ఉంటే, అందులో 1800 ముందటి వానలు ఉంటాయి. అంత పాత టేకు మాన్లు ఇప్పుడు అడవిలో వెతికినా దొరకడం కష్టం. మన ఇళ్ల కప్పుల్లో ఉన్నాయి. ఊరూరా వాటిని చిత్రిక పట్టి సోఫాలు, తలుపులు చేసేస్తున్నారు. చూస్తూ ఊరుకోలేకనే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

మొదటి ప్రశ్న, ఆ మాను ఎక్కడ పెరిగింది? నిజంగా బర్మాదైతే అది బర్మా వానల గురించి చెబుతుంది, ఏలూరు వానల గురించి కాదు. అదీ విలువైనదే. రోసాన్ డి’అరిగో బృందం మయన్మార్ టేకు వలయాలతో మూడు శతాబ్దాల రుతుపవనాలను 2011లో కట్టింది. మీ దూలం దానికి తోడవుతుంది. అయితే మీ వైపు ఇళ్లలో అంతా బర్మాదే కాదు. గోదావరి పైనున్న అడవుల్లో కొట్టిన కలపను తెప్పలు కట్టి నది మీద రాజమండ్రికి తెచ్చేవాళ్లు. ఆ కలప అయితే మన గోదావరి అడవుల వానే.

రెండోది, తేదీ. దూలం చెక్కేటప్పుడు బయటి తెల్లచెక్కను తీసేసి చేవ మాత్రమే వాడతారు. దాంతో ఆఖరి ఏళ్లు పోతాయి. ఇల్లు కట్టిన ఏడాది తెలిసినంత మాత్రాన ఏ వలయం ఏ ఏడాదిదో తెలియదు. ఇక్కడ కూడా ఆక్సిజనే సాయం చేస్తుంది. ఇంగ్లండ్‌లో నీల్ లోడర్ బృందం తేదీలు తెలిసిన ఓక్ చెట్ల ఆక్సిజన్ వరసను ప్రమాణంగా పెట్టి, వెడల్పుతో తేదీ తేలని పాత భవనాల దూలాలకు కూడా తేదీ పట్టే పద్ధతిని 2019లో ప్రచురించింది. మనకు ముందు అలాంటి ప్రమాణ వరస తయారుకావాలి. అది తయారయ్యే రోజుకు పాత చెక్క మిగిలి ఉండాలి కదా.

కాబట్టి ఇలా చెయ్యండి. దూలం మొత్తం ఆపక్కర్లేదు, అమ్ముకోండి. ఒక కొస నుంచి రెండంగుళాల మందాన అడ్డంగా ఒక బిళ్ల కోయించండి. అన్నిటికంటే లావు దూలం నుంచి ఒకటి, స్తంభం నుంచి ఒకటి. ఎక్కడైనా అంచున తెల్లచెక్క గానీ, బెరడు గానీ మిగిలి ఉంటే ఆ వైపునే కోయించండి. ఆ అంచు మాకు బంగారం. వార్నిష్, నూనె రాయించవద్దు. ఉన్నదాన్ని ల్యాబ్‌లో పోగొట్టగలం గానీ కొత్తది ఎందుకు? చెద పట్టని పొడిచోట, గాలి ఆడేలా ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టవద్దు, బూజు పడుతుంది. బిళ్ల మీద పెన్సిల్‌తో ఊరి పేరు, ఇల్లు కట్టిన ఏడాది, ఏ గదిలో ఏ దూలమో రాయండి.

ఇంకొక్క పని. మీ తాతగారి కాగితాల పెట్టెలో కలప కొన్న రసీదు గానీ, జమాఖర్చుల పుస్తకం గానీ ఉందేమో చూడండి. ఏ రేవులో, ఏ డిపోలో, ఎవరి దగ్గర కొన్నారో ఒక్క ముక్క దొరికినా దాన్ని ఫొటో తీసి బిళ్లకు జతచెయ్యండి. బేరం కుదిరి రంపం వచ్చే ముందే ఇదంతా చేసేయాలి, ఆలస్యం చెయ్యకండి.